క్వయర్ మొత్తానికీ ఒకటే షేడు

నా గొంతు బాగుంటుంది. ఇలాంటి మాట మన గురించి మనం చెప్పుకోకూడదని, వినయం ఉండాలని మా చర్చిలో పెద్దవాళ్లు అంటారు. వినయం నాకు చిన్నప్పటి నుంచీ సరిగ్గా అబ్బలేదు. మదనపల్లెలో మిషన్ ఆసుపత్రి వెనకాల క్వార్టర్స్‌లో పెరిగాను. అక్కడ ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒకరు పాడతారు, ఎవరు శ్రుతిలో ఉన్నారో ఎవరు లేరో గోడ అవతల నుంచే తెలిసిపోతుంది. కాబట్టి ఇంటర్ రెండో ఏడు, కుప్పంలో పాడబోయే పాటలో ఒక్కరే పాడే చరణం నాకిచ్చినప్పుడు నేనేమీ ఆశ్చర్యపోలేదు. ఇవ్వకపోయి ఉంటే ఆశ్చర్యపోయేదాన్ని.

మా చుట్టుపక్కల ఊళ్లలోని చర్చిలు కొన్ని కలిసి క్రిస్మస్‌కి ముందు, ఏడాదికొక ఊళ్లో ఆరాధన పెట్టుకుంటాయి. ఆ ఏడు కుప్పం వంతు. ప్రతి చర్చి క్వయరూ ఒక పాట పాడుతుంది, అదంతా యూట్యూబ్‌లో లైవ్ వెళ్తుంది. ఆ లైవ్‌తోనే మా కష్టాలు మొదలయ్యాయి.

మా క్వయర్‌ని నడిపేది ఒక లెక్కల టీచరు. వయసు నలభైకి దగ్గర, మేమంతా అక్క అనే పిలిచేవాళ్లం. ఆమెకి అన్నీ సమానంగా ఉండాలి. ఒకే తానులోంచి కోసిన తెల్ల చీరలు, ఒకే టైలరు కుట్టిన జాకెట్లు, ఒకే తీరు జడ. పూలు లేవు, బొట్టు మాకు ఎలాగూ లేదు, చెవులకీ మెడకీ ఏమీ ఉండకూడదు. లిప్‌స్టిక్ లోకం పోకడ. గోళ్ల రంగు కూడా లోకం పోకడే. అయితే వీడియో తీసే ఆయన ఒకసారి వచ్చి, మీ పిల్లల ముఖాలు సగం కెమెరాలో కనపడటం లేదు అన్నాడు. ఆ ఒక్క మాటతో ఫౌండేషన్ మాత్రం లోకం పోకడ కాకుండా పోయింది. చీర ఎలాగో ఇదీ అలాగే అనుకుని అక్క క్వయర్ మొత్తానికీ ఒకటే సీసా కొనుక్కొచ్చింది. దాని మీద ఐవరీ, అంటే ఏనుగు దంతం రంగు, అని ఉంది. మా అందరికీ కలిపి ఒక యూనిఫాం ముఖం అన్నమాట.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక చర్చిలోనే పూసి, పాడించి, వీడియో తీసి చూశారు. మేం వరసగా కూర్చుంటే అక్క తనే ఒకే స్పాంజితో ఒక్కొక్కరికీ పూసుకుంటూ వచ్చింది. ఇక్కడ నా ముఖం గురించి కొంచెం చెప్పాలి. నాది నలుపు. చామనఛాయ అని మర్యాదకి అంటారు, నాకు ఆ మర్యాద అక్కర్లేదు. రంగుతో నాకు పేచీ ఎప్పుడూ లేదు, పేచీ అంతా చర్మంతోనే. నుదురు, ముక్కు, గడ్డం జిడ్డు కారేవి. బుగ్గలు మాత్రం డిసెంబరు చలికి బీటలు వారి పొట్టు లేచేవి. దీన్ని కాంబినేషన్ స్కిన్ అంటారని తర్వాత తెలిసింది. అప్పట్లో నాకు తెలిసిన వైద్యం ఒకటే, జిడ్డు కనిపించినప్పుడల్లా ఒంటి సబ్బుతో రుద్దడం. దాంతో బుగ్గలు ఇంకా ఎండిపోయేవి, ముక్కు మాత్రం పంతం పట్టినట్టు ఇంకాస్త కారేది.

అలాంటి ముఖానికి ఐవరీ పూస్తే ఏమవుతుందో ఆ సాయంత్రం చర్చి గ్రూపులో పడిన వీడియోలో చూశాను. మెడ నల్లగా, చేతులు నల్లగా, మధ్యలో ముఖం సున్నం కొట్టిన గోడలా ఉంది. బుగ్గల మీద పొట్టు కెమెరాకి కూడా దొరికింది. పాట రెండోసారి పాడేసరికి ముక్కు మీది పూత జారిపోయి ముక్కొక్కటే నా ముక్కులా మిగిలింది. మా అమ్మ ఆసుపత్రి ల్యాబులో టెక్నీషియన్. ఫోను కళ్లకి దగ్గరగా పెట్టుకుని చూసింది.

"ఎవురు ఈ పాప, ఒంట్లో రక్తమే లేనట్ల ఉండాదే. హిమోగ్లోబిన్ చూపించుకోమను."

"అది నేనేమ్మా."

అమ్మ ఇంకోసారి చూసి ఫోను నాకిచ్చేసింది. తర్వాత అందరికీ ఒకే స్పాంజి అద్దారని తెలిసి మాత్రం ఊరుకోలేదు. మొటిమలున్న పిల్లల ముఖాల మీద ఒకే స్పాంజి తిప్పుతారా, వీళ్లకి బుద్ధుండాదా అని రాత్రి అన్నం తినే దాకా తిడుతూనే ఉంది.

తర్వాతి ప్రాక్టీసులో అక్క నన్ను పక్కకి పిలిచింది.

"నీ ముఖానికే రంగు పట్టలేదు పాపా. బుగ్గలు పగుల్తాండాయి, ముక్కు మెరస్తాండాది. చరణం దగ్గర కెమెరా నీ మీదికే కదా వచ్చేది."

"అది నా రంగు కాదక్కా."

"అందరికీ అదే పూస్తాండాము. నీకొక్కదానికే యాల పట్టదు? కుప్పం పొయ్యేలోపల సరి చేసుకో. కాలేదంటే ఆ చరణం ఆ పాప పాడతాది, నువ్వు ఎనక లైన్లో నిలబడు."

ఆ పాప అంటే పక్కనే నిలబడి వింటున్న నా స్నేహితురాలే. తెల్లగా ఉంటుంది, ఐవరీ ఆమె ముఖానికి అచ్చంగా సరిపోయింది. గొంతు మంచిదే కానీ పాట పైకి వెళ్లే చోట జారుతుంది. అది తనకీ తెలుసు. "నాకొద్దక్కా, నాకు ఆడ అందదు" అని అప్పుడే చెప్పింది. అక్క విన్నట్టు కనపడలేదు.

నాకు ఒళ్లు మండిపోయింది. శ్రుతి తప్పి ఉంటే, మాట మరిచిపోయి ఉంటే తీసేయండి, నోరు మూసుకుని వెనక నిలబడతాను. ముఖానికి రంగు పట్టలేదని చరణం తీసేయడం ఏమిటి? అయినా ఆమెతో వాదించలేదు. సరి చేసుకోమంది కదా, సరి చేసుకునే వస్తాను అనుకున్నాను. ముఖం సరిచేసుకోవడమంటే ఆమె అనుకున్నది వేరు, నేను అనుకున్నది వేరు.

మదనపల్లెలో ఫ్యాన్సీ స్టోర్లకి కొదవ లేదు. కాలేజీ అయ్యాక ఒక్కొక్కటే ఎక్కి దిగాను. ఎక్కడ అడిగినా ఐవరీ, దాని అక్కచెల్లెళ్లే. "మన రంగుది ఈడ పోదు పాపా, ఎవురూ అడగరు" అన్నాడొకాయన, అడుగుతున్న నన్ను ఎదురుగా పెట్టుకుని. ఇంకొకామె తెల్లటి ట్యూబొకటి నా చేతిలో పెట్టి, ఇది పూసుకుంటే రెండు షేడ్లు తెల్లగా అవుతావంది. నాకు తెల్లగా అవ్వాలని లేదు, ముఖం నా మెడకి అతుక్కున్నట్టు కనపడితే చాలన్నాను. ఆమెకి నా బాధ అర్థం కాలేదు. టమోటాను ఎండలోకి ఎత్తి చూడకుండా ఎవరూ ధర చెప్పని ఊరు మాది. అదే ఊళ్లో ముఖానికి పూసుకునేది మాత్రం ట్యూబులైటు కింద, మణికట్టు మీద గీసి చూసి కొనేస్తారు. మణికట్టు లోపలి వైపు ఎవరికైనా ముఖం కంటే తెల్లగానే ఉంటుంది. ఇంటికెళ్లాక అద్దంలో ఎవరో కనపడతారు.

ఆ శనివారం అమ్మా నేనూ పుంగనూరు వెళ్లాం. అవ్వ అక్కడే ఉంటుంది. ఒకప్పుడు చౌడేపల్లె దగ్గర తోటల్లో కూలికి పోయిన మనిషి, ఇప్పుడు ఒక ఆవును పెట్టుకుని పాలు పోస్తోంది. నా బుగ్గలు చూసి మీగడ తెచ్చి ముఖమంతా పట్టించింది. బుగ్గలకి ప్రాణం లేచొచ్చింది. తెల్లారేసరికి ముక్కు పక్కన మాత్రం మొటిమలు లేచాయి. ఆ మొటిమలే నాకు ఒక సంగతి చెప్పాయి. బుగ్గలకి పనికొచ్చేది ముక్కుకి పనికిరాదు. ముఖం ఒకటే కదా అని అంతటికీ ఒకటే మర్యాద చేస్తే ఇలాగే ఉంటుంది.

తిరుగు ప్రయాణంలో పుంగనూరు బస్టాండు దగ్గర చిన్న ఫ్యాన్సీ స్టోరు కనపడితే ఆశ లేకుండానే అడిగాను. ఆ అంగడాయన బల్ల కింద నుంచి దుమ్ము పట్టిన అట్టపెట్టె ఒకటి లాగాడు.

"కంపెనీవాళ్లు తెల్లవాటితో పాటు ఇవీ అంటగడతారమ్మా. ఒక్కటీ పోలేదు. సగం ధరకి ఇస్తా, కావల్లంటే తీసుకో. అయినా ఇది నీకు యాల? నల్లగా కనపడతావు."

"నేను నల్లగానే ఉండాను కదన్నా."

ఆయన నవ్వాలో వద్దో తెలియక పెట్టె నా వైపు తోశాడు. అందులో ముదురు షేడ్లన్నీ చిన్న చిన్న ట్యూబుల్లో ఉన్నాయి. నాకు నచ్చిన మూడింటిలో ఒకటి తప్పకుండా కొంటానని చెప్పి మూతలు తీయించాను. మూడింటినీ దవడ మీద, మెడ వైపు లాగుతూ పక్కపక్కన గీసుకుని, అంగట్లోంచి బయటికి, ఎండలోకి నడిచాను. అమ్మ ఫోనులో ముందు కెమెరా తెరిచి చూసుకున్నాను. రెండు గీతలు కనపడుతున్నాయి, ఒకటి బూడిదగా, ఒకటి ఎర్రగా. మధ్యది ఎక్కడ పూశానో వెతుక్కున్నా దొరకలేదు. అదే కొన్నాను. అమ్మ ట్యూబు లాక్కుని తిప్పి, గడువు తేదీ చూసి, ఇంకా చాలా కాలం ఉందని తేల్చాక గానీ బస్సెక్కనివ్వలేదు. ఇంటికొచ్చాక కూడా "కొత్తది నేరుగా ముఖానికి పుయ్యద్దు, ముందు చెవి ఎనక పూసి ఒక దినం సూడల్ల" అంది. చూశాను. దురద లేదు, దద్దుర్లు లేవు.

రంగు దొరికింది కదా, పని అయిపోయిందనుకున్నాను. కిటికీ దగ్గర అద్దం పెట్టుకుని ముఖమంతా ఒకేలా రుద్దుకుంటే బుగ్గల మీద పొట్టు నిక్కబొడుచుకుంది, ముక్కు మీది పూత కాలేజీకి చేరేలోపలే జారిపోయింది. కడిగేసి, మీగడ నేర్పిన సంగతి గుర్తు చేసుకుని, మొదటి నుంచి మొదలుపెట్టాను. ముందు సబ్బు మానేశాను. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, మెత్తటి ఫేస్‌వాష్‌తో కడిగి మధ్యలో ముఖం జోలికి పోకుండా చేతులు కట్టుకున్నాను. బుగ్గలకి మాయిశ్చరైజర్ దండిగా రాసి, ముక్కుకీ నుదుటికీ వేలికి అంటీ అంటనంత తాకించేదాన్ని. అది ఇంకేదాకా ఆగాలి, నేను ఆ టైములో ఇడ్లీ తినేదాన్ని.

ఆ తర్వాత బఠాణీ గింజంత ఫౌండేషన్ చేతి వెనక వేసుకుని, తడిపి గట్టిగా పిండిన నా సొంత స్పాంజితో అద్దుకోవడం. రుద్దితే పొట్టు లేస్తుంది, అద్దితే అణిగి ఉంటుంది. బుగ్గల మీద మొదలుపెట్టి బయటికి, దవడ కిందికి, మెడలో కలిసేదాకా వెళ్లి, ముక్కు దగ్గరికి చివర్లో రావాలి. అప్పటికి స్పాంజిలో మిగిలిందే ముక్కుకి చాలు. మొటిమ మచ్చ మీద వేలికొసతో ఇంకొక్క చుక్క. పౌడరు ముక్కు, నుదురు, గడ్డానికే, బుగ్గల దరిదాపుల్లోకి రానివ్వకూడదు. మధ్యలో ముక్కు మెరిస్తే టిష్యూ ఒత్తి జిడ్డు తీసేయడమే తప్ప పైన మళ్లీ పూయకూడదు. పడుకునే ముందు కడిగేయాలి, లేకపోతే అమ్మ లేపి మరీ కడిగించేది. వారం తిరిగేసరికి బుగ్గలు ఊరుకున్నాయి, ముక్కు కూడా మునుపటంత కారడం మానింది. అద్దంలో చూసుకుంటే నేను బాగా నిద్రపోయి లేచినట్టున్నాను. నాకు నేను చాలా నచ్చాను, ఆ సంగతి దాచుకోవడమెందుకు.

కుప్పం వెళ్లే రోజు ఇంట్లోనే పూసుకుని, ట్యూబూ మాయిశ్చరైజరూ సంచిలో వేసుకుని వ్యాన్ ఎక్కాను. దారి పొడుగునా చరణం లోలోపల పాడుకుంటూనే ఉన్నాను. అక్కడ మాకు తయారవడానికి సండే స్కూల్ గది ఇచ్చారు. అక్క ఐవరీ సీసా తీసి ఒక్కొక్కరినీ పిలుస్తోంది. నా వంతు వచ్చేసరికి నన్ను పైనుంచి కిందిదాకా చూసి ముఖం చిట్లించింది.

"ఏమీ పూసుకోకుండా వచ్చినావా? నేను అంత చెప్పినా గూడా?"

"పూసుకున్నానక్కా."

"అబద్ధాలు చెప్పద్దు. రా ఇట్ల."

నా గడ్డం పట్టుకుని బుగ్గ మీద వేలితో గట్టిగా రాసింది. వేలికి రంగు అంటింది. నమ్మకం కుదరక కిటికీ దగ్గరికి వెళ్లి ఆ వేలిని వెలుతురులో పెట్టి చూసింది. అంటిన రంగును రెండో చేతి వెనక తుడిచింది. చేతి మీద ఆ రంగు కనపడలేదు. పోయిందేమోనని ఇంకోసారి తుడిచి చూసింది.

ఆ చేతుల్ని నేను ఎన్నేళ్లుగానో చూస్తున్నాను, మా కోసం గాల్లో లేస్తూ దిగుతూ ఉండగా. అవి నా రంగు చేతులు. ముఖం మాత్రం ఎప్పుడూ పౌడరుతోనో ఐవరీతోనో తెల్లగానే ఉండేది, ఎంతగా అలవాటైపోయిందంటే ఆ రెండూ కలవడం లేదని నాకు ఒక్కసారి కూడా తోచలేదు.

"ఇది యాడ దొరికింది?" అంది, కిటికీ వైపే చూస్తూ.

"పుంగనూర్లో అక్కా. ఎవురూ కొనరంట, సగం ధరకి ఇచ్చినాడు."

అక్క గొంతు తగ్గించింది.

"మీ వయసులో నన్ను ఒక్కసారి గూడా ముందర నిలబెట్టలేదు. పాట నాకే బాగా వస్తాందని అందరికీ తెలుసు. అయినా ఎనక లైన్లోనే. కనపడల్లంటే తెల్లగా ఉండల్ల అని అప్పుడు నేర్చుకున్న్యా."

వారాల తరబడి నేను ఆమె మీద మోసిన కోపం పోయిందని చెప్పను. అది ఎన్నడూ చూడని మనుషుల మీదికి మళ్లింది. ఆమెని వెనక నిలబెట్టిన వాళ్లెవరో కనుక ఆ గదిలో ఉంటే నేను ఏమనేదాన్నో దేవుడికే తెలియాలి. వాళ్లు లేరు కాబట్టి చేయగలిగింది చేశాను.

"మన ముందర ఇంకా రెండు చర్చిలు ఉండాయి. ముఖం కడుక్కోని రాండక్కా."

తిడుతుందనుకున్నాను. చీర కొంగు దోపుకుని కుళాయి దగ్గరికి వెళ్లింది. తడి తుడుచుకుని వచ్చి పిల్లలు కూర్చునే చిన్న బెంచీ మీద, నా ముందు కూర్చుంది. ఆమె ముఖంలో జిడ్డు అన్నదే లేదు, అంతా పొడి. మాయిశ్చరైజర్ రాసి, ఆగమని చెప్పాను. మాకు పాఠాలు చెప్పే మనిషి కళ్లు మూసుకుని ఆగింది. ఎవరూ వాడని స్పాంజి లేక, చేతులు సబ్బుతో కడుక్కుని నా ట్యూబులోది వేళ్లతోనే అద్దాను. నా వేళ్ల కింద ఆమె నుదురు మొదట బిగుసుకుని ఉంది, తర్వాత వదులైంది. నా స్నేహితురాలు అద్దం పట్టుకుని నిలబడింది. అక్క కళ్లు తెరిచి అందులో చూసుకుంది, చెయ్యి ఎత్తి ముఖం పక్కన పెట్టి చూసుకుంది.

"అక్కా, చరణం ఎవురిది?" అని అడిగాను. అడగకుండా స్టేజీ ఎక్కడం నా వల్ల కాదు.

బయట మా చర్చి పేరు పిలిచారు. అక్క లేచి, మమ్మల్ని వరస కట్టించింది. నన్నూ నా స్నేహితురాలినీ ముందు వరసలోనే పక్కపక్కన నిలబెట్టింది. ఎవరు పాడాలో మాత్రం చెప్పలేదు. అంత ధీమా ఉన్నదాన్నీ ఆ నాలుగు మెట్లు ఎక్కేటప్పుడు చరణం మొదటి మాట మరిచిపోలేదు కదా అని లోపల సరిచూసుకున్నాను.

హాలు నిండా జనం, ఎదురుగా కెమెరా. అక్క వాళ్లకి వీపు పెట్టి మా వైపు తిరిగి నిలబడింది. క్వయర్ నడిపేవాళ్ల ముఖం జనానికి కనపడదు, లైవ్‌లోనూ వీపే కనపడుతుంది. ఆ సంగతి నాకు అక్కడ నిలబడ్డాకే తట్టింది. ఇన్నేళ్లూ ఆమె తెల్లగా చేసుకున్న ముఖాన్ని చూస్తూ పాడింది మేమే, దాన్ని చూస్తూ పెరిగిందీ మేమే.

పాట మొదలైంది. పల్లవి అయింది, అందరం కలిసి పాడే మొదటి చరణం అయింది. ఒక్కరే పాడే చోట కీబోర్డు తగ్గింది. అక్క చెయ్యి పైకి లేచి, ఆమె ముఖం పక్క నుంచి నా వైపు తిరిగింది. చెయ్యీ ముఖమూ ఒకే మనిషివిగా ఉన్నాయి. ఆ ముఖాన్నే చూస్తూ నేను ఒక అడుగు ముందుకి వేసి పాడాను.